జూనియర్ అసిస్టెంట్‌గా చేరుతున్నారా? ముందు మీ సీటు సంగతి చూడండి

ప్రశ్న ఇదీ: గ్రూప్-4లో ఎంపికై ఒక జిల్లా కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరబోతున్న అమ్మాయి అడుగుతోంది. ఇంతకు ముందు హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో కస్టమర్ సపోర్ట్ పని చేసిందట. "సర్కారీ ఆఫీసులో ఏం కట్టుకోవాలి? ఎన్నింటికి రావాలి? పెద్దవాళ్ళను ఏమని పిలవాలి? పని తెలిసినదానిలా కనబడాలంటే ఏం చెయ్యాలి? చురుగ్గా ఉంటే అందరి పనీ నా నెత్తినే పెడతారంటున్నారు, నిజమేనా?"

శుభం అమ్మా. జిల్లా ఆఫీసుల్లో గుమాస్తాగా మొదలుపెట్టి సూపరింటెండెంట్‌గా రిటైరైనవాణ్ణి. నా సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలను చాలామందినే చూశాను. మీరు అడిగిన వరుసలో కాకుండా, నాకు ముఖ్యమనిపించిన వరుసలో చెబుతాను.

బట్టల సంగతి ముందు తేల్చేద్దాం, అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చీరైనా చుడీదారైనా ఉతికి ఇస్త్రీ చేసినదైతే చాలు. రికార్డు రూములోకి వెళ్ళి పాత కట్టలు దులపాల్సి వస్తుంది కాబట్టి దుమ్ము పడితే ప్రాణం ఉసూరుమనే ఖరీదైనవి వద్దు. ఐడీ కార్డు మెడలో వేసుకోండి, లేకపోతే వచ్చిన జనం మిమ్మల్ని కూడా అర్జీదారే అనుకుని "ఇక్కడ క్లర్కు ఎప్పుడొస్తాడమ్మా?" అని అడుగుతారు. అంతే.

మన ఆఫీసుల్లో మనిషికి పేరొచ్చేది బట్టల వల్లా కాదు, మాటకారితనం వల్లా కాదు. "ఆ కాగితం ఎక్కడుందమ్మా?" అని అడిగినప్పుడు నిమిషంలో చెప్పగలిగితే పేరు దానంతటదే వస్తుంది. "చూస్తాను సార్, ఇక్కడే ఎక్కడో ఉండాలి" అని బల్ల కింద వెతుక్కునే మనిషి ఎంత చక్కగా తయారై వచ్చినా, ఎంత బాగా ఇంగ్లిష్ మాట్లాడినా లాభం లేదు.

చేరే రోజు పొద్దున్నే వెళ్ళండి. జాయినింగ్ రిపోర్టులో తేదీ పక్కన ఎఫ్.ఎన్. (మధ్యాహ్నానికి ముందు) అనో ఏ.ఎన్. (మధ్యాహ్నం తర్వాత) అనో రాస్తారు. మధ్యాహ్నం తర్వాత చేరితే జీతం మర్నాటి నుంచే. ఆ రెండక్షరాల తేడా ఒక్క రోజుదే అయినా, చేరిన తేదీ మీ సర్వీసంతా వెంట వస్తుంది.

తర్వాత సీటు ఇస్తారు, అంటే మీరు చూడాల్సిన సబ్జెక్టులు, వాటి ఫైళ్ళు. కొత్తవాళ్ళలో నూటికి తొంభై మంది తడబడేది ఇక్కడే. "ఇదిగోమ్మా, ఇది సి-3 సీటు, ఇవి ఫైళ్ళు, మెల్లగా నేర్చుకుంటావులే" అని బీరువా తాళంచెవి చేతిలో పెట్టి, పాత గుమాస్తా కొత్త సీటుకు వెళ్ళిపోతాడు. మీరు మొహమాటపడి తలూపుతారు. ఊపకండి. "అన్నా, చార్జి లిస్టు రాసుకుందాం" అనండి. బీరువాలో ఉన్న ఫైళ్ళ నంబర్లు, సబ్జెక్టు, ఒక్కో ఫైలు ఏ దశలో ఉంది, పుటప్ చేసినవి (నోట్ రాసి పై అధికారికి పంపినవి) ఏవి, వేరే ఆఫీసుల నుంచి జవాబు రావాల్సినవి ఏవి, కోర్టు కేసులున్నవి ఏవి, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి, సూపరింటెండెంట్ చేత ఇనీషియల్ వేయించుకోండి. ఒక పూట పడుతుంది. "నా మీద నమ్మకం లేదా?" అని నవ్వుతారు. "నమ్మకం లేకపోవడమేంటన్నా, నాకు తెలియదు కదా, రాసుకుంటే నేర్చుకుంటాను" అంటే ఎవరూ కాదనరు. రెండేళ్ళ తర్వాత ఒక ఫైలు కనబడక మెమో వస్తే, ఆ ఫైలు మీ దాకా వచ్చిందో రాలేదో చెప్పేది ఆ లిస్టు ఒక్కటే. ఆ జాబితా లేని సీటు తీసుకోవడమంటే కొలవని పొలం కొన్నట్టే.

ఇక రోజూ పని. కాగితం ఇన్‌వార్డులో (బయటి నుంచి వచ్చేవి తీసుకునే చోట) పడుతుంది, తేదీ ముద్ర వేస్తారు, అధికారి చూసి సెక్షన్ గుర్తు వేస్తారు, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లో నంబరు పడి మీ బల్ల మీదకు వస్తుంది. మీ దగ్గర పర్సనల్ రిజిస్టర్ ఉంటుంది, అందరూ పీఆర్ అంటారు. వచ్చిన కాగితాన్ని ఆ పూటే పీఆర్‌లో ఎక్కించండి. ఎక్కించకుండా అద్దం కింద పెట్టుకోవడం, డ్రాయర్లో వేసుకోవడం, "జతపత్రాలు తెస్తే అప్పుడు నంబరిద్దాం" అని చేతిలోనే ఉంచుకోవడం: ఈ మూడూ ఆఫీసు రోగాలు.

మూడోదాని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అది చూడడానికి మంచితనంలాగే ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇచ్చే పథకం మనకు 1977 అక్టోబరు 3 నాటి 687 నంబరు జీవో నుంచి నడుస్తోంది. మరణించిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలి. నేను చూసిన ఒక ఫైలులో, భర్త పోయిన ఒక తల్లి గడువు ఇంకా మూడు వారాలుందనగా దరఖాస్తు తెచ్చి ఇచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జత చేయలేదు. సీటులో ఉన్నాయన చెడ్డవాడు కాదు. "అది కూడా తెచ్చుకోమ్మా, అన్నీ కలిపి తీసుకుంటా" అని దరఖాస్తును ఏ రిజిస్టర్లోనూ ఎక్కించకుండా పక్కన పెట్టాడు. ఆవిడ మండల ఆఫీసు చుట్టూ తిరిగి ఆ పత్రం సంపాదించుకుని వచ్చేసరికి గడువు దాటిపోయింది. అప్పుడు నంబరు పడింది. పై ఆఫీసు నుంచి ఏం కొర్రీ (అభ్యంతరం) వచ్చి ఉంటుందో మీకే తెలుసు: "దరఖాస్తు గడువు తర్వాత అందినందున..."

ఆ కుటుంబాన్ని గట్టెక్కించింది ఒక చిన్న చీటీ. మొదటి రోజు ఆవిడ వచ్చినప్పుడు పక్క సీటులో కొత్తగా చేరిన కుర్రాడు ఆవిడ దగ్గరున్న జిరాక్స్ కాపీ మీద "ముట్టినది" అని రాసి, తేదీ వేసి, ఇనీషియల్ పెట్టి, ఆఫీసు ముద్ర కొట్టి ఇచ్చాడు. ఎవరూ చెప్పలేదు, అది అతని అలవాటు. ఆ కాపీ ఫైలులో పెట్టాక కొర్రీ నిలబడలేదు. ఆ కుర్రాడికి అప్పటికి నోట్ రాయడం కూడా సరిగా రాదు. కానీ ఆ రోజు నుంచి ఆఫీసులో అందరూ అతన్ని లెక్కలోకి తీసుకున్నారు.

జతపత్రాలు లేకపోతే కాగితం తీసుకోండి, నంబరివ్వండి, ఇంకా ఏవి కావాలో రాతపూర్వకంగా చెప్పండి. ముట్టినట్టు చీటీ అడగకముందే ఇవ్వండి.

ఇప్పుడు నోట్ సంగతి, అంటే ఒక కాగితం మీద ఏం చెయ్యాలో అధికారికి మీరు ఫైలులో రాసి పెట్టేది. పని తెలిసినట్టు కనబడేది ఎలా అని అడిగారు కదా, కనబడేది ఇక్కడే. పై అధికారి రోజంతా మిమ్మల్ని చూడరు, మీ నోట్‌ను చూస్తారు. పైన చెప్పిన లాంటి దరఖాస్తే మీకు వచ్చిందనుకోండి. చాలామంది ఇలా పుటప్ చేస్తారు:

"దరఖాస్తుదారు చాలా బీద కుటుంబం. భర్త మరణించారు. కావున దయతో పరిశీలించి తగు ఉత్తర్వులు ఇవ్వగలరు."

ఇందులో అధికారికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఎప్పుడు మరణించారు, ఎప్పుడు దరఖాస్తు వచ్చింది, నిబంధన ఏమంటోంది, ఏ కాగితం ఏ పేజీలో ఉంది, ఇప్పుడు తను ఏం చెయ్యాలి, అన్నీ ఆయనే వెతుక్కోవాలి. వెతుక్కోరు. "మాట్లాడండి" అని రాసి వెనక్కి పంపుతారు. అదే ఇలా రాస్తే (తేదీలు ఊరికే ఉదాహరణకు వేశాను; కరెంట్ ఫైలు అంటే వచ్చిన కాగితాలు కుట్టి ఉంచే భాగం):

"1. కరెంట్ ఫైలు 3వ పేజీ చూడగలరు. ఈ కార్యాలయంలో రికార్డు అసిస్టెంట్‌గా పనిచేస్తూ 14-3-2023న మరణించిన ఉద్యోగి భార్య కారుణ్య నియామకం కోరుతున్నారు.
2. దరఖాస్తు 26-2-2024న అందినది. ఏడాది గడువులోపే ఉన్నది.
3. మరణ ధ్రువపత్రం 5వ పేజీలో ఉన్నది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, విద్యార్హత పత్రాలు జతపరచలేదు.
4. వాటిని సమర్పించవలసినదిగా దరఖాస్తుదారుకు మెమో పంపవచ్చును. ముసాయిదా 9వ పేజీలో ఆమోదం కొరకు ఉంచడమైనది."

దీని కింద అధికారి ఒక్క సంతకం పెడితే పని ముందుకు పోతుంది. కష్టపడ్డామని చూపించుకునే పొడుగు నోట్‌లు వద్దు. జరిగిందేమిటి, నిబంధన ఏమిటి, ఏం చెయ్యవచ్చు, ముసాయిదా ఎక్కడ, ఇంతే. నిబంధనను నోటిమాటగా రాయకండి. జీవో కాపీ తీసి, ఫ్లాగ్ పెట్టి, ఆ పేరా పక్కన పెన్సిల్‌తో గీత గీయండి. మీ సబ్జెక్టు జీవోలన్నీ ఒక స్టాక్ ఫైలులో కుట్టుకుంటూ పొండి. ఏడాది తిరిగేసరికి సెక్షన్ అంతా మీ దగ్గరికే వచ్చి "ఆ జీవో నీ దగ్గరుందా?" అని అడుగుతుంది.

తెలుగులో రాయాలా ఇంగ్లిష్‌లో రాయాలా అన్నది మీ సెక్షన్ అలవాటును బట్టి. 1966 అధికార భాషా చట్టం నుంచి తెలుగులో రాసే హక్కు ఉంది, రాయనివ్వని అధికారిని నేను చూడలేదు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాసి అర్థం తలకిందులయ్యే నోట్ కన్నా సూటిగా ఉన్న తెలుగు నోట్ వెయ్యి రెట్లు మేలు.

నోట్‌లో కోపం వద్దు, వెటకారం వద్దు, జాలి కూడా వద్దు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక ఫైలులో మీరు రాసిన నోట్ కాపీని అడిగి తీసుకుపోవచ్చు. "ఈ అర్జీదారు అలవాటుగా ఫిర్యాదులు చేసే మనిషి" అని మీరు రాసింది రేపు ఆ మనిషే మీ బల్ల ముందు నిలబడి చదివి వినిపిస్తాడు.

ఈ-ఆఫీసు ఉంటే ఇవన్నీ తెర మీదే జరుగుతాయి. ఎల్లో నోట్‌లో రాసి చూసుకుని, సరిగ్గా ఉందనుకున్నాకే గ్రీన్ నోట్ చెయ్యండి. గ్రీన్ అయి పైకి వెళ్ళినదాన్ని మార్చలేరు. ఫైలు మీ దగ్గర ఎన్ని రోజులు, ఎన్ని గంటలు ఆగిందో అందులో అచ్చంగా కనబడుతుంది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి. "నా సిస్టం పని చేయట్లేదు, నీ లాగిన్‌లో చేస్తా" అని పక్కవాళ్ళు అడుగుతారు, ఆపరేటర్లు అడుగుతారు. ఇవ్వలేనని నవ్వుతూనే చెప్పండి. మీ లాగిన్‌లో జరిగింది మీరు చేసినట్టే. అధికారి డిజిటల్ కీ (కంప్యూటర్‌లో ఆయన సంతకం పెట్టే పరికరం) మీ డ్రాయర్లో ఉంచమన్నా ఇదే మాట: "సార్, మీ దగ్గరే ఉంచుకోండి, కావాల్సినప్పుడు ఫైలు తెస్తాను."

పిలుపుల సంగతి. అధికారులను సార్, మేడమ్ అంటారు, అందులో ఆలోచించేదేమీ లేదు. ఆలోచించాల్సింది మీకన్నా కింది పోస్టులో ఉన్న పెద్దవాళ్ళ గురించి. అటెండరు మీ నాన్న వయసువాడు కావచ్చు. "అన్నా" అనో, పేరు చివర "గారు" అనో పిలవండి. "ఏయ్" అని కేకెయ్యడం, గంట కొట్టడం జూనియర్ అసిస్టెంట్ పని కాదు. రికార్డు రూములో ఏ కట్ట ఏ అరలో ఉందో కంప్యూటర్‌కు తెలియదు, ఆయనకు తెలుసు. పని ముగిసిన ఫైళ్ళలో ఎల్.డిస్ ఫైలు ఏడాది, కె.డిస్ మూడేళ్ళు, డి.డిస్ పదేళ్ళు, ఆర్.డిస్ శాశ్వతంగా దాచాలని పుస్తకంలో చదివి ఉంటారు. ఫలానా కట్ట వర్షానికి తడిసి పక్క గదిలోకి మార్చారన్న విషయం మాత్రం ఆయన చెబితేనే తెలుస్తుంది.

సోమవారం ప్రజావాణిలో, అంటే జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, కిటకిటలాడతారు. మీ బల్ల ముందు ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి, ఫైళ్ళు పెట్టకండి దాని మీద. కస్టమర్ సపోర్ట్‌లో మీరు నేర్చుకున్నది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది: మనిషి చెప్పేది పూర్తిగా విని, తిరిగి మీ మాటల్లో చెప్పి, ఎప్పటికి ఏం జరుగుతుందో చెప్పడం. ఒక్కటి మాత్రం మార్చుకోవాలి. కంపెనీలో "తప్పకుండా అయిపోతుంది" అనడం అలవాటై ఉంటుంది. ఇక్కడ అనకండి. "మీ కాగితం తహశీల్దార్ గారి రిపోర్టు కోసం పంపాం, ఇదిగో నంబరు, రిపోర్టు వచ్చాక పుటప్ చేస్తాను" అనండి. పెద్దాయన నాలుగుసార్లు అడిగినా నాలుగుసార్లూ అదే చెప్పండి. మనం ఇవ్వగలిగింది సమాచారం. ఉత్తర్వు ఇచ్చేది అధికారి.

అధికారి గదిలోకి వెళ్ళేటప్పుడు చిన్న నోట్‌బుక్కు, పెన్ను లేకుండా వెళ్ళొద్దు. చెప్పింది రాసుకోండి, బయటికి వచ్చేముందు ఒకసారి చదివి వినిపించండి. తెలియనిది అడిగితే "చూసి అయిదు నిమిషాల్లో చెబుతాను సార్" అనాలి. ఊహించి చెప్పిన అంకె ఆయన టెలీకాన్ఫరెన్స్‌లో కలెక్టర్ గారికి చెప్పేస్తే దాన్ని వెనక్కి లాగడం ఎవరి వల్లా కాదు. నోటిమాటగా ఏదైనా చెయ్యమంటే చెయ్యండి, కానీ ఆ రోజే ఫైలులో "ఫలానా తేదీన అధికారి మౌఖిక ఆదేశం మేరకు" అని రాసి ఇనీషియల్ కోసం పంపండి. సబబైన ఆదేశమైతే ఇనీషియల్ వెంటనే పడుతుంది. పడకపోతే, మీకు అర్థమవుతుంది.

"చురుగ్గా ఉంటే అంతా నా నెత్తినే పెడతారా?" పెడతారు, నిజమే. ముఖ్యంగా కంప్యూటర్ వచ్చిన పిల్లలకు సెక్షన్ మొత్తం టైపింగ్, ఎక్సెల్ షీట్లు, ప్రొఫార్మాలు అంటగడతారు. మొదటి ఆరు నెలలు చెయ్యండి, నేర్చుకునేది ఎక్కువ కాబట్టి. కానీ మీ పీఆర్‌లో పెండింగ్ పెరగనివ్వకండి. సూపరింటెండెంట్ పీఆర్ తనిఖీ చేసేది మీ సీటును. పక్కవాళ్ళకు చేసిన సాయం ఏ రిజిస్టర్లోనూ ఉండదు. వేరే సీటు పని వరుసగా మీ మీదే పడుతుంటే అలగకండి, గొడవపడకండి. సూపరింటెండెంట్ దగ్గరికి పీఆర్ తీసుకెళ్ళి "సార్, ఇవాళ ఈ రెండు ఫైళ్ళు పుటప్ చెయ్యాలి, ఆ షీటు కూడా చెయ్యమన్నారు, ఏది ముందు చెయ్యమంటారు?" అని అడగండి. పీఆర్ చేతిలో ఉంది కాబట్టి అది ఫిర్యాదులా వినబడదు, తేల్చాల్సిన భారం ఆయన మీదకు పోతుంది.

డబ్బు మాట చెప్పక తప్పదు. పని అయ్యాక "టీ తాగమ్మా" అని ఎవరో ఒకరు కవరు పెడతారు. వద్దని వెంటనే, నలుగురికీ వినబడేలా చెప్పండి. అంతకన్నా జాగ్రత్త పడాల్సింది "ఫలానా ఆయన ఇచ్చిపోతాడు, తీసి నీ డ్రాయర్లో ఉంచు" అని పైవాళ్ళు అన్నప్పుడు. ఏసీబీవాళ్ళు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపిస్తారు. సోడా నీళ్ళలో ముంచితే గులాబీ రంగు తేలేది ముట్టుకున్న చేతికే, చెప్పిన నోటికి కాదు. "నాకు భయం సార్, నేను పట్టుకోను" అనేయండి. పిరికిదంటారు, అననివ్వండి.

ఫోను సైలెంట్‌లో, ఫైలు ఫొటోలు ఫోనులో లేకుండా. అడిగినవాళ్ళకు ఉత్తర్వు కాపీ వాట్సాప్‌లో పంపడం సాయంలా అనిపిస్తుంది, సంతకం కాకముందు బయటికి పోయిన ముసాయిదా ఎంత రచ్చ చేస్తుందో ఎవరైనా సీనియర్‌ను అడగండి. ప్రభుత్వ నిర్ణయాల మీద ఫేస్‌బుక్కులో వ్యాఖ్యలు, పార్టీ జెండాలు ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. చేరేముందే మీ పాత పోస్టులు ఓసారి చూసుకోండి.

వేళలు: 10.30 నుంచి 5. పది నిమిషాల గ్రేస్ ఉంటుంది, మూడు లేట్లకు ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) పోతుంది. ఏడాదికి సీఎల్‌లు పదిహేను. సెలవు కావాలంటే ముందురోజే చీటీ ఇచ్చి, అత్యవసర ఫైళ్ళు ఎక్కడున్నాయో పక్క సీటుకు చెప్పి వెళ్ళండి. సాయంత్రం అధికారి కూర్చున్నారు కదా అని పని లేకుండా ఎనిమిదింటి దాకా కూర్చోనక్కర్లేదు. "సార్, నా దగ్గర ఇవాళ్టివి అయిపోయాయి, వెళ్ళమంటారా?" అని సూపరింటెండెంట్‌ను అడిగి బయల్దేరండి. ఎన్నికలప్పుడు, అసెంబ్లీ ప్రశ్నలు వచ్చినప్పుడు మాత్రం గడియారం చూడకండి. అప్పుడు రాత్రి ఆలస్యమైతే ఇంటికి దింపే ఏర్పాటు చెయ్యమని మొహమాటపడకుండా అడగండి.

చివరగా మీ సొంత పనులు రెండు, ఎవరూ గుర్తు చెయ్యరు. ప్రొబేషన్ అంటే మూడేళ్ళ వ్యవధిలో రెండేళ్ళ డ్యూటీ. అది పూర్తయినట్టు ఉత్తర్వు దానంతటది రాదు, తేదీ దగ్గరపడగానే మీరే అర్జీ పెట్టుకోండి. పదోన్నతికి కావాల్సిన డిపార్ట్‌మెంటల్ టెస్టులకు మొదటి సెషన్ నుంచే ఫీజు కట్టండి, పిల్లలు పుట్టాక చదువుదామంటే కుదరదు. రెండోది సర్వీస్ రిజిస్టర్, మీ ఉద్యోగ వివరాలన్నీ ఎక్కించే పుస్తకం. మొదటి నెలలోనే ఎస్టాబ్లిష్‌మెంట్ (ఉద్యోగుల వ్యవహారాలు చూసే) సెక్షన్‌కు వెళ్ళి మీ ఎస్.ఆర్. తెరిచి చూడండి. పుట్టిన తేదీ ఎస్సెస్సీ మెమోతో సరిపోయిందా, ఇంటిపేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, చేరిన తేదీ పక్కన ఎఫ్.ఎన్. అని ఉందా. పుట్టిన తేదీ ఒకసారి నమోదయ్యాక దాన్ని మార్పించుకోవడం 1984 నియమాల ప్రకారం దాదాపు అసాధ్యం. అక్షరం తేడా ఉన్నా అప్పుడే కాగితం పెట్టి సరిచేయించుకోండి, సరిచేసిన పేజీకి జిరాక్స్ తీసి ఇంట్లో దాచుకోండి.